వినడానికి వెళ్ళి సాక్ష్యం చెప్పొచ్చాను

మిషను కాంపౌండులో పుట్టి పెరిగినవాడికి సాక్ష్యం చెప్పడం వేరే నేర్పక్కర్లేదు. ఊహ తెలిసీ తెలియకముందే నన్ను స్టూలెక్కించి కంఠత వాక్యాలు చెప్పించారు. మీసాలొచ్చే వయసుకి యౌవనుల కూడికలో నేను లేవకపోతే సభ జరిగినట్టు కాదు. ఎవరింట్లో చావు జరిగినా, ఎవరికి ఆపరేషనైనా, ఆఖరికి ఎవరు కొత్త స్కూటరు కొన్నా, లేచి నాలుగు మాటలు చెప్పి, కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకునేవాణ్ణి. "దేవుడు బాగా వాడుకుంటున్నాడు కుర్రాణ్ణి" అనేవారు పెద్దలు. ఆ మాట వింటే నాకు ఆ పూట భోజనం అక్కర్లేదు. ఎదుటి మనిషి కష్టంలో ఉంటే ఒక వాక్యం, ఒక ప్రార్థన, మా తాతగారి కథ. ఈ మూడూ లేకుండా ఊరికే కూర్చుని, ఒక మనిషి చెప్పింది చివరిదాకా విని, నోరు మూసుకుని ఇంటికి రావడం నాకు చేతకాదని నలభై దాటాక, దేశం కాని దేశంలో తెలిసింది. మీలోనూ చాలామందికి చేతకాదనే నా నమ్మకం. ఆ ధైర్యంతోనే ఇదంతా చెబుతున్నాను.

ముందు మా తాతగారి కథ చెప్పాలి. నా తెలివితక్కువంతా దాని మీదే నిలబడింది. మాది కాకినాడ పక్కన పల్లె. 1874లో జాన్ మెక్లారెన్ దొరగారు కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషను పని మొదలుపెట్టారు. అంతకుముందే థామస్ గాబ్రియేల్ అనే మనవాడు అక్కడ సొంతంగా సంఘం స్థాపించి, అప్పుల్లో పడి, కెనడా బాప్టిస్టుల్ని రమ్మని కోరాడు. మా ఇంటి గోడ మీద దొరగారి ఫోటో ఉండేది. గాబ్రియేల్ పేరు మాత్రం పెద్దయ్యాక ఎక్కడో పుస్తకంలో చూశాను. సామర్లకోటలో సెమినరీ, కాకినాడలో మెక్లారెన్ హైస్కూలు, పిఠాపురంలోనూ ఆకివీడులోనూ ఆసుపత్రులు, ఇవన్నీ ఆ మిషను పెట్టినవే. మా తాతగారు మాలపల్లెలో పుట్టారు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని రోజులు. మిషను బోర్డింగులో ఆయనకి పలకా బలపం ఇచ్చి, రెండు పూటలా అన్నం పెట్టి, చివరికి పంతులుగారిని చేశారు. ఆయన పిల్లలు చదువుకున్నారు, నేను ఇంజినీరునయ్యాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మా ఇంట్లో కెనడా పేరెత్తితే ఆడవాళ్ళు నెత్తిన కొంగు సర్దుకునేవారు. నాకు కెనడాలో శాశ్వత నివాసం (పీఆర్) వచ్చిన రోజు మా నాన్నగారు, "అప్పు తీర్చడానికి వెళ్తున్నావురా, గుర్తుపెట్టుకో" అన్నారు. దొరల్ని పదిమందిలో పొగిడితే ఆ అప్పు తీరిపోతుందనుకున్నాను.

కెనడా వచ్చి బ్రాంప్టన్‌లో ఇల్లు కొన్నాం. అది 1818లో, 19వ నంబరు ఒడంబడిక కింద, బ్రిటిష్ ప్రభుత్వం మూలవాసులైన మిస్సిసాగా ప్రజల దగ్గర తీసుకున్న నేల. పక్కనున్న టొరొంటో సంగతి ఇంకా అన్యాయం. 1805లో 2,50,880 ఎకరాలకు బ్రిటిష్ వాళ్ళు ఇచ్చింది 10 షిల్లింగులు. ఆ లెక్క సరిచెయ్యడానికి 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. ఇల్లు కొనేటప్పుడు నాకివేవీ తెలియవు. వడ్డీ రేటు తెలుసు, దగ్గర్లో ఉన్న స్కూలు ర్యాంకు తెలుసు.

మేం వెళ్ళే చర్చిలో ఆరాధనకు ముందు, ఈ నేల ఎవరిదో గుర్తు చేసుకుంటూ నాలుగు వాక్యాలు చదువుతారు. ఒక ఆదివారం ఆ వంతు నాకొచ్చింది. అనిషినాబె, హోడెనొషోని, వెండాట్ అన్న మూలవాసుల పేర్లు నోరు తిరిగేదాకా కారులో వెళ్తూ వస్తూ సాధన చేశాను. చదివి దిగాక కొందరు చెయ్యి కలిపి చాలా బాగా చదివారన్నారు. వారమంతా ఆ పొగడ్తే నెమరేసుకున్నాను. ఆ పేర్లు గల మనుషులు ఇప్పుడెక్కడున్నారు, ఇక్కణ్ణుంచి ఎందుకు వెళ్ళారు అన్న ప్రశ్నే పుట్టలేదు. మిస్సిసాగా వాళ్ళకి క్రెడిట్ నది ఒడ్డున ఇళ్ళతో, చర్చితో, బడితో చక్కని ఊరుండేది. పీటర్ జోన్స్ అనే వాళ్ళ సొంత బోధకుడి మాటతో అప్పటికే మెథడిస్టు క్రైస్తవులయ్యారు కూడా. అయినా ఆ నేల మీద ప్రభుత్వం వాళ్ళకి హక్కు పత్రం ఇవ్వలేదు. 1847లో హేగర్స్‌విల్ దగ్గరికి తరలిపోయారు. అక్కడ వాళ్ళకి చోటిచ్చినవాళ్ళు సాటి మూలవాసులైన సిక్స్ నేషన్స్ ప్రజలు. ఏసు పేరు చెప్పుకుంటే చాలు, ఈ దేశంలో ఎవరికీ అన్యాయం జరగదనుకునే నాబోటివాడు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

పౌరసత్వ ప్రమాణం కూడా అదే తీరులో చేశాను. కరోనా దగ్గర్నుంచి ఆ కార్యక్రమం చాలామందికి కంప్యూటరులోనే జరుగుతోంది. డైనింగు టేబులు మీద లాప్‌టాప్ పెట్టుకుని, కుడిచెయ్యెత్తి, అధికారి చెప్పించినట్టు చెప్పాను. 2021 జూన్‌లో ఆ ప్రమాణంలో కొత్త మాటలు చేర్చారు. మూలవాసుల హక్కుల్నీ, ఒడంబడికల హక్కుల్నీ గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తానని అందులో ఉంది. నా ధ్యాసంతా వెనక గోడకి కట్టిన ఎర్ర బెలూన్లు స్క్రీనులో పడుతున్నాయా లేదా అన్నదాని మీదే. చెయ్యెత్తి చేసిన ప్రమాణంలో ఏముందో నా చెవికెక్కలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏటా సెప్టెంబరు 30న కెనడాలో రెసిడెన్షియల్ స్కూళ్ళ పిల్లల్ని తలుచుకుంటారు. ఆ రోజు నారింజ రంగు చొక్కాలు వేసుకుంటారు. ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆవిడకి ఆరేళ్ళప్పుడు, 1973లో, వాళ్ళ అమ్మమ్మ కొనిపెట్టిన నారింజ చొక్కాని బడిలో అడుగుపెట్టగానే లాగేసుకున్నారు. మళ్ళీ ఇవ్వలేదు. దాని గుర్తుగా ఇది. మా చర్చి ఆ నెలలోనే ఒక సాయంత్రం, అలాంటి బడిలో చదివిన పెద్దావిణ్ణి పిలిచింది. పాస్టరు గారు ముందుగా చదువుకుని రమ్మని కాగితాలు పంపారు.

మన దగ్గర రెసిడెన్షియల్ స్కూల్లో సీటొస్తే వీధంతా స్వీట్లు పంచుతాం. ఈ బడులు వేరు. ప్రభుత్వం డబ్బిచ్చింది, క్యాథలిక్, ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ చర్చిలు, తరవాత యునైటెడ్ చర్చి, నడిపాయి. 1,50,000 మందికి పైగా పిల్లలు వాటిలోకి వెళ్ళారు. 1920లో చట్టం మార్చి, పంపనంటే తల్లిదండ్రుల్ని శిక్షించేలా చేశారు. జుట్టు కత్తిరించేవారు, పేరు బదులు నంబరు పెట్టేవారు, సొంత భాషలో మాట్లాడితే కొట్టేవారు. పిల్లలు క్షయతో రాలిపోతున్నారని పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ డాక్టరు 1907లోనే రాశారు. ఆయన చెప్పింది పక్కన పెట్టారు. రికార్డుల్లో తేలిన పిల్లల చావులే 4,000 పైన. 1996లో, నేను కాకినాడలో ఇంటరు చదువుతున్నప్పుడు కూడా అలాంటి బడి ఇంకా నడుస్తోంది.

చదివి మనసు పాడైంది, అది నిజం. కానీ ఆ వెంటనే నేను చేసిన పని, ఆ జాబితాలో బాప్టిస్టుల పేరుందా అని చూడడం. పైపైన చూస్తే కనబడలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యతోనే సభకి వెళ్ళాను.

బేస్‌మెంటు హాల్లో కుర్చీలు గోడలకి చేర్చి, మధ్యలో దుప్పట్లు పరిచారు. పాత రగ్గులు, అతుకుల బొంతలు, పసిపిల్లలకి చుట్టే మెత్తటి గుడ్డలు, అన్నీ కలిపితే ఉత్తర అమెరికా ఖండం. మేమంతా చెప్పులు విప్పి వాటి మీద తిరగాలి, తెల్లవాళ్ళు రాకముందు అక్కడున్న ప్రజలం మేమే. ఒకరు చరిత్ర చదువుతుంటారు. ఒడంబడిక, మశూచి, చట్టం, రైలు మార్గం, ఇలా చదివేకొద్దీ దుప్పట్లు మడతపడుతుంటాయి. కొందరి చేతిలో చీటీ పెట్టి పక్కకి తప్పిస్తారు. మిగిలినవాళ్ళు మిగిలిన ముక్కల మీద సర్దుకోవాలి. బ్లాంకెట్ ఎక్సర్‌సైజ్ అంటారు దీన్ని. 1997లో కెనడాలోని క్రైస్తవ సంఘాల కూటమి మూలవాసులతో కూర్చుని తయారుచేసింది.

నేను దాన్ని కుర్చీలాట అనుకున్నాను. మడతపడిన దుప్పటి కొసన ఒంటికాలి మీద నిలబడి, పడిపోకుండా చేతులు చాపి, నేనింకా అవుటు కాలేదు చూశావా అన్నట్టు మా అబ్బాయి వంక చూసి నవ్వాను. గట్టిగానే నవ్వాను. చీటీ అందుకుని పక్కకి తప్పుకున్న అమ్మాయి నాకు జానెడు దూరంలో ఏడుస్తోంది. వాళ్ళ అమ్మమ్మని నిజంగానే అలా తీసుకెళ్ళారని తరవాత తెలిసింది.

ఆ తరవాత గుండ్రంగా కూర్చున్నాం. గద్ద ఈక ఒకటి చేతులు మారుతుంది. అది చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి. చెప్పాలని లేకపోతే పక్కవాళ్ళకి అందించవచ్చు. మొదట పెద్దావిడ మాట్లాడింది. సిక్స్ నేషన్స్ నుంచి వచ్చిందావిడ, బ్రాంట్‌ఫర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్‌లో పెరిగింది. ఆవిడ చెప్పినదంతా ఇక్కడ రాయను, అది ఆవిడ సొత్తు. ఒక్కటే చెబుతాను. మగపిల్లల వైపు ఆవిడ తమ్ముడుండేవాడు. అక్కాతమ్ముడూ ఒకే కప్పు కింద ఉండి మాట్లాడుకోవడానికి వీల్లేదు. భోజనాల గదిలో దూరం నుంచి వాడు బతికే ఉన్నాడని చూసుకునేది.

ఈక నా దాకా రాలేదు. ఇంకా చాలామంది ఉన్నారు మధ్యలో. నేను లేచాను. లేచి, అమ్మా అన్నాను, మీరు చెప్పింది విని గుండె తరుక్కుపోయింది అన్నాను, కానీ అన్నాను, ఆ కానీ దగ్గర ఆగినా బాగుండేది, ఆగలేదు, ఇదే దేశం నుంచి వచ్చిన మిషనరీలు మా తాతని మనిషిని చేశారన్నాను, బోర్డింగన్నాను, పలకన్నాను, పలకతో ఆగక పిఠాపురం ఆసుపత్రి దాకా వెళ్ళాను, అందరూ చెడ్డవాళ్ళు కాదు కదా అన్నాను, మేమూ రెండొందల ఏళ్ళు తెల్లవాళ్ళ కింద నలిగినవాళ్ళమే, మీ బాధ నాకు తెలుసు అన్నాను, యోసేపుని అన్నలు అమ్మేస్తే దేవుడు దాన్నే మేలుకి తిప్పాడు అన్నాను, అనేసి, ఎవరూ అడక్కుండానే, అందరం లేచి ప్రార్థన చేద్దాం అని, ఆ వలయాన్ని అడ్డంగా దాటుకుంటూ వెళ్ళి ఆవిడ తల మీద చెయ్యి పెట్టాను.

ఆవిడ తల పక్కకి తీసుకుంది. ఎవరూ లేవలేదు. మా పాస్టరు గారు నేల చూపులు చూస్తున్నారు. మా అబ్బాయి ముఖం కందగడ్డలా ఉంది. నేను మొదలుపెట్టిన ప్రార్థనని ఎలా ముగించానో, నా కుర్చీ దాకా ఎలా నడిచానో నాకే తెలియదు. ఈక తన వరసలో తను ఒక్కొక్క చెయ్యీ దాటుకుంటూ వచ్చి నా చేతికి అందింది. అప్పుడు మాత్రం నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

పరామర్శకి వెళ్ళి మనం చేసేది చూడండి. భర్త పోయిన మనిషి ఎదురుగా కూర్చుని మనింట్లో పోయినవాళ్ళ లెక్క చెబుతాం. ఊరుకోమ్మా, అంతా దేవుడి చిత్తం అంటాం. ఆ ఏడుపు మనం భరించలేక అనే మాట అది. యోబు స్నేహితుల్ని చాలా ప్రసంగాల్లో తిట్టాను. వాళ్ళు నోరు తెరవకముందు ఏడు రోజులు అతనితో పాటు నేల మీద ఊరికే కూర్చున్నారని గ్రంథంలోనే ఉంది. వాళ్ళు చేసిన ఒకే ఒక్క మంచిపని అది. అదీ నాకు చేతకాలేదు.

సభయ్యాక మొక్కజొన్న సూపు పెట్టారు. ఎవరి కంటా పడకుండా మూల కూర్చున్నాను. పెద్దావిడే గిన్నె పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను మాట్లాడుతున్నప్పుడు నీ పెదాలు కదులుతున్నాయి. ఏం చెప్పాలో తయారుచేసుకుంటున్నావు కదూ?"

తలూపాను.

"మీ తాతని ఆ బడిలో ఎవరు చేర్పించారు?"

"వాళ్ళ నాన్నండి. దొరగారి కాళ్ళు పట్టుకుని బతిమాలి చేర్పించాడట."

"సెలవులకి ఇంటికొచ్చేవాడా?"

"వచ్చేవారు. కోతలప్పుడు, క్రిస్మస్‌కి."

"వచ్చినప్పుడు వాళ్ళమ్మతో మాట్లాడగలిగేవాడా? వాళ్ళ మాట మరిచిపోలేదా?"

"లేదండి. బడిలో చెప్పిందే తెలుగులో."

ఆవిడ కాసేపు సూపు తాగింది. "అయితే అవి రెండూ ఒకే బడి కాదు. మీ తాతకి మంచి జరిగినందుకు సంతోషం. దాన్ని తెచ్చి నా మీద కప్పకు" అంది. కోపంగా అనలేదు.

ఆ మూడు ప్రశ్నలూ నలభయ్యేళ్ళలో నాకు తట్టలేదు. మా ముత్తాత బతిమాలుకున్నాడు. ఇక్కడ తల్లుల ఒడిలోంచి పిల్లల్ని లాక్కుపోవడానికి చట్టం ఉంది, పోలీసు ఉన్నాడు. మా వాళ్ళకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నేర్పారు, దొరసానులు సైతం పురుషోత్తమ చౌదరి గారి పాటలు పాడేవారు. ఇక్కడ సొంత పాట పాడితే దెబ్బలు. అన్నిటికన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. మా తాతకి పోగొట్టుకోవడానికి సెంటు భూమి లేదు. వీళ్ళకుంది. 1784లో హాల్డిమండ్ ప్రకటన కింద గ్రాండ్ నదికి అటు ఆరు మైళ్ళూ ఇటు ఆరు మైళ్ళూ, దాదాపు 9,50,000 ఎకరాలు సిక్స్ నేషన్స్‌కి ఇచ్చారు. ఇప్పుడు వాళ్ళ చేతిలో అందులో నూటికి ఐదెకరాలు కూడా లేవు. తన భాషా తన ఊరూ మరిచిపోయిన పిల్లవాడు పెద్దయ్యాక వచ్చి ఆ నేల నాదని అడగడు. ఆ బడుల వెనకున్న లెక్క అదేనని నా నిశ్చయం.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పశ్చాత్తాపం వచ్చింది, దానితో పాటే తొందరా వచ్చింది. రాత్రికి రాత్రి కూర్చుని, వాక్యాలు పొదిగి, చాంతాడంత క్షమాపణ ఉత్తరం రాశాను. సభ ఏర్పాటు చేసినావిడకి పంపి, పెద్దావిడకి చేర్చమన్నాను, జవాబు ఎప్పటికి రావచ్చో కూడా అడిగాను. ఏర్పాటు చేసినావిడే రెండు ముక్కల్లో జవాబు రాసింది. "ఇది ఆవిడ మొయ్యాల్సిన బరువు కాదు. నీ గుండె తేలిక కావాలని అడుగుతున్నావు. వచ్చే నెలా కలుస్తాం, వచ్చి కూర్చో." నాకు కోపమొచ్చింది. ఇంత బాగా రాసిన క్షమాపణని కాదంటారా అని. తప్పు చేసినవాణ్ణి నేను, అలిగినవాణ్ణీ నేనే. తప్పు ఒప్పుకోవడంలో కూడా మంచి పేరు తెచ్చుకోవాలనే కోరిక ఇంత బలంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇందులో నేను ఒంటరివాణ్ణి కాను, చర్చిలకి చర్చిలే అలా చేశాయి. 1986లో సడ్‌బరీలో యునైటెడ్ చర్చి మూలవాసులకి క్షమాపణ చెప్పింది. కెనడా చర్చిల్లో ఆ పని మొదట చేసింది అదే. చర్చి పెద్ద రాబర్ట్ స్మిత్, బయట ఎదురుచూస్తున్న పెద్దల దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పారు. వాళ్ళు మర్యాదగా విన్నారు. రెండేళ్ళ తరవాత 1988లో జవాబిచ్చారు. మీ క్షమాపణ మాకు అందింది అన్నారు. అంగీకరించామని అనలేదు, ఆ ప్రకారం నడుచుకుంటారేమో చూస్తామన్నారు. ఆ చోట రాళ్ళతో పేర్చిన గుట్టని కావాలనే పూర్తి చెయ్యకుండా వదిలేశారు. వాళ్ళ జాగ్రత్తలో తప్పేమీ లేదు. ఆ క్షమాపణలో రెసిడెన్షియల్ స్కూళ్ళ ఊసే లేదు, ఆ మాట నోట రావడానికి 1998 దాకా పట్టింది. పోప్ గారిని ఏడాదిలోగా వచ్చి క్షమాపణ చెప్పమని 2015లో, ఆ బడుల సంగతి విచారించిన సత్య సయోధ్య కమిషన్ కోరితే, ఆయన కెనడాలోని మాస్క్వాచీస్ వచ్చింది 2022 జూలైలో. ఇంతింతవాళ్ళు అంత తాత్సారం చేసిన దేశంలో నా ఉత్తరానికి వారంలో జవాబు రావాలనుకున్నాను.

ఆ కమిషన్ పని చూశాక సాక్ష్యమంటే ఏమిటో నాకు కొత్తగా అర్థమైంది. జస్టిస్ ముర్రే సింక్లెయిర్, ఆయన తోటి కమిషనర్లు, ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగి 6,000 మందికి పైగా చెప్పింది విన్నారు. వినడమే పని. విన్నాకే 94 సిఫార్సులు రాశారు. నేను బెలూన్లు చూసుకుంటూ చదివిన ప్రమాణంలోని ఆ కొత్త మాటలు 94వ సిఫార్సు వల్ల వచ్చినవే. ఆ కాగితాలు తిరగేస్తుండగానే నా హమ్మయ్య కూడా పోయింది. యూకాన్‌లో వైట్‌హార్స్‌లో బాప్టిస్టు మిషను నడిపిన బడి ఆ జాబితాలో ఉంది.

అమ్మ వేసవికి వచ్చినప్పుడు ఆవిణ్ణి బ్రాంట్‌ఫర్డ్ తీసుకెళ్ళాను. మోహాక్ ఇన్‌స్టిట్యూట్ 1834లో పిల్లల్ని ఉంచుకోవడం మొదలుపెట్టి 1970లో మూతపడింది. ఇప్పుడున్న ఎర్ర ఇటుకల భవనం 1904 నాటిది. అంతకుముందున్నదాన్ని పిల్లలే తగలబెట్టారు. రోజూ పెట్టిన పల్చటి జావ పేరుతో దాన్ని మష్ హోల్ అని పిలుచుకునేవారు. కూల్చెయ్యకుండా, జరిగినదానికి రుజువుగా సిక్స్ నేషన్స్ వాళ్ళే నిలబెట్టుకున్నారు. వెనకవైపు గోడ దగ్గరికి వెళ్తే, పిల్లవాడి చెయ్యి అందే ఎత్తులో, ఇటుకల మీద పేర్లున్నాయి. మేకుతోనో రాయితోనో గీసినవి. కొన్ని లోతుగా ఉన్నాయి, కొన్ని రెండక్షరాలు పడగానే ఆగిపోయాయి. కొన్ని చోట్ల పేరు లేదు, నంబరుంది.

నేను వివరించడం మొదలుపెట్టాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది. రిటైరైన టీచరు, బోర్డింగులోనే చదివింది, దొరసాని గారి పేరు చెబితే ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. ఆ గోడ పొడవునా నడిచి ఒక్కొక్క ఇటుకా చదివింది. చాలాసేపు పట్టింది. కారెక్కాక అడిగింది:

"మన మిషనుకి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చేదిరా?"

"ఇక్కడి సంఘాల నుంచేనమ్మా. ఒంటారియో రైతులు, వాళ్ళ ఆడవాళ్ళ సంఘాలు, చందాలు వేసుకుని పంపేవారు."

"ఈ నేల మీద పంటే కదా?"

నాకు జవాబు లేదు. మా తాత పలక కొన్న డబ్బు ఎవరి నేలలో పండిందో మా ఇంట్లో మూడు తరాల్లో అడిగింది అమ్మ ఒక్కతే. దొరల మీద ఆవిడ ప్రేమ తగ్గలేదు, నాదీ తగ్గలేదు. మా నాన్నగారు చెప్పిన అప్పు ఇంకా ఉంది. అది సగం వీళ్ళకి పడ్డ అప్పని ఇప్పుడు తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పెయ్యాలి. ఆ మొదటి సాయంత్రం, సూపు దగ్గర ఒక కుర్రాడు నన్నడిగాడు, మీ దేశంలో మూలవాసులున్నారా, వాళ్ళ నేల వాళ్ళ దగ్గరే ఉందా అని. ఉన్నారు, రిజర్వేషన్లు కూడా ఉన్నాయి అని గొప్పగా చెప్పాను. మా మామయ్యకి రంపచోడవరం వైపు జీడిమామిడి తోట ఉందనీ, 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు కాబట్టి అది ఒక కొండరెడ్డి గిరిజనుడి పేరున నడుస్తోందనీ చెప్పలేదు. చిన్నప్పుడు సెలవులకి ఆ తోటలోనే ఆడుకున్నాం. ఆ పేరు గల మనిషిని మాలో ఎవరూ చూడలేదు. మొన్న ఫోన్ చేసి, ఆయనెవరు, కౌలైనా ఇస్తున్నావా అని మామయ్యని అడిగాను. "కెనడా వెళ్ళి బాగా పాడైపోయావురా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తాను.

నెలనెలా ఆ వలయంలోకి వెళ్తూనే ఉన్నాను. పెద్దావిడ నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఈక చేతికొస్తే చాలాసార్లు పక్కకి అందిస్తున్నాను. ఇప్పటికీ ఎవరైనా చెబుతుంటే నా పెదాలు కదలబోతాయి, పళ్ళ కింద అదిమిపెడతాను.

కెనడాలో ఉన్న తెలుగు సంఘాల పెద్దలకీ, పాస్టరు గార్లకీ నాదొక మనవి. వచ్చే సెప్టెంబరు 30కి మీ దగ్గర్లో ఉన్న మూలవాసుల్ని అడిగి, వాళ్ళు వస్తామంటే పిలవండి. దారి ఖర్చులూ, వాళ్ళ సమయానికి తగిన డబ్బూ ముందే ఇవ్వండి. శాలువాలు వద్దు, స్టేజీ మీద ఫోటోలు వద్దు, మన మిషను చరిత్ర ఆ పూటకి వద్దు. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా కూర్చోండి. ముగింపు ప్రార్థన వాళ్ళు అడిగితేనే చెయ్యండి.